మోరీ మీద బండ లేదు, స్తంభానికి లైటు లేదు, ఫిర్యాదు మాత్రం "పరిష్కారమైంది"

విభాగం: పట్టణ సమస్యలు – దక్షిణ తెలంగాణ

కుంటకాడి ఇల్లు | 2025 జూలై 4, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. మేం ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఒక మున్సిపాలిటీలో ఉంటాం. ఊరి పేరు, వార్డు నంబరు కావాలనే రాయడం లేదు. ఎవరి మీదా బురద చల్లాలని లేదు. పని ఎట్లా చేయించుకోవాలో తెలుసుకుందామని రాస్తున్నాను.

మా గల్లీ మెయిన్ రోడ్డు నుంచి కుంట దాకా రెండు వందల మీటర్లు ఉంటుంది. ఒక పక్క పొడుగునా మోరీ. దాని మీద బండలు ఉండేవి. పోయిన ఏడాది పైపు వేయడానికి తీసినవాళ్లు కొన్ని చోట్ల మళ్లీ వేయలేదు, కొన్ని చోట్ల విరిగినవే వేసి పోయారు. జూన్ 24 రాత్రి ఎనిమిదిన్నరకు మా నాన్న మందులు తెచ్చుకుని వస్తూ మోరీలో పడ్డారు. ఆయనకు 67 ఏళ్లు. కుడి మణికట్టు విరిగింది. నడుము లోతు మోరీ, సగం దాకా నీళ్లు. పక్కింటి పిల్లలు కేక విని టార్చి వేసి పైకి లాగారు. అప్పుడు ఇళ్లల్లో కరెంటు ఉంది. గల్లీలో మాత్రం వరుసగా ఐదు స్తంభాలకు లైట్లు లేవు.

మర్నాడే మున్సిపాలిటీ యాప్‌లో ఫోటోలతో ఫిర్యాదు పెట్టాను. మూడో రోజు "మీ సమస్య పరిష్కరించబడింది" అని మెసేజ్ వచ్చింది. తెరిచి చూస్తే జత చేసిన ఫోటో అసలు మా గల్లీదే కాదు. ఆఫీసుకు వెళ్లాను. లైట్ల సంగతి కరెంటు వాళ్లను అడగమన్నారు. కరెంటు ఆఫీసులో మున్సిపాలిటీని అడగమన్నారు. బండల సంగతి పైపు వేసిన కాంట్రాక్టరు చూసుకోవాలట. ఇంతకుముందైతే కౌన్సిలర్ ఇంటికి వెళ్లి గట్టిగా అడిగేవాళ్లం. ఇప్పుడు కౌన్సిలర్లు కూడా లేరు.

గల్లీ చివర ఒక స్కూలు ఉంది. నేను అక్కడే పాఠాలు చెబుతాను. వానలు మొదలయ్యాయి. గట్టి వాన పడితే మోరీ ఏదో రోడ్డు ఏదో తెలియదు. సాయంత్రం బెల్లు కొట్టినప్పటి నుంచి ఆఖరి పిల్ల మలుపు తిరిగేదాకా నాకు టెన్షనే. ఎవరిని అడగాలి, ఏ కాగితంతో అడగాలి?

తంగేడు | జూలై 4, రాత్రి 11:40

నాన్నగారికి ఇప్పుడు ఎట్లా ఉంది అక్కా?

నేను పోలేపల్లి సెజ్‌లో మందుల కంపెనీలో చేస్తాను. సెకండ్ షిఫ్ట్ అయ్యాక బస్సు పదిన్నర దాటాకే మెయిన్ రోడ్డు మీద దింపుతుంది. ఇంటికి ఆరేడు నిమిషాల నడక, మధ్యలో రెండు మలుపులు పూర్తిగా చీకటి. మా వార్డులో లైట్ల గురించి అడిగితే ఒకాయన "అంత రాత్రి ఆడపిల్ల ఒక్కతే ఎందుకు రావాలి" అన్నాడు. నేను అడిగింది లైటు గురించి. ఏమీ అనలేక వచ్చేశాను. ఇప్పటికీ మనసులో బాధగానే ఉంది.

రిటైర్డ్ లైన్‌మన్ | జూలై 5, ఉదయం 6:25

అమ్మా, ముప్పై ఏళ్లకు పైగా స్తంభాలు ఎక్కినవాణ్ని. "మాది కాదు, వాళ్లది" అనే మాట నేను విన్నాను, నేనూ అన్నాను. అందుకే ఉన్నది ఉన్నట్టు చెబుతా.

స్తంభం, తీగలు, ట్రాన్స్‌ఫార్మర్ కరెంటు సంస్థవి. స్తంభానికి బిగించిన లైటు, దాని బ్రాకెట్టు, లైట్లను వెలిగించి ఆర్పే పెట్టె మున్సిపాలిటీవి. వీధిలైట్ల కరెంటు బిల్లు కట్టేది కూడా మున్సిపాలిటీయే. ఆ లైట్ల కోసం స్తంభాల మీద ఒక తీగ విడిగా పోతుంది, దాన్ని స్ట్రీట్ లైట్ ఫేజ్ అంటాం.

ఒక్క స్తంభానికే లైటు లేకపోతే ఆ లైటు పోయినట్టు. వరుసగా ఐదు లేవంటే ఐదూ ఒకేసారి పాడయ్యే అవకాశం తక్కువ. ఆ ఫేజ్ తీగ మధ్యలో ఎక్కడో తెగి ఉంటుంది, లేదంటే పెట్టెలో ఫ్యూజో, లైట్లన్నీ వెలిగించే స్విచ్చో (కాంటాక్టర్ అంటాం) పోయి ఉంటుంది. తీగ అయితే కరెంటు వాళ్ల పని, పెట్టె అయితే మున్సిపాలిటీ పని. పైకి ఎక్కి చూడకుండా ఎవరిదో తేలదు. చూడనంతకాలం ఇద్దరూ ఒకరి మీద ఒకరు చెప్పుకోవచ్చు.

మీరు చీకటి పడ్డాక గల్లీ మొత్తం ఒకసారి నడవండి. వెలిగే చివరి స్తంభం ఏది, వెలగని మొదటి స్తంభం ఏది అని రాసుకోండి. స్తంభం మీద పెయింటుతో నంబరు ఉంటుంది, చెరిగిపోతే ఎదురింటి నంబరు రాయండి. తీగ తెగితే సాధారణంగా ఆ రెండింటి మధ్యే తెగుతుంది. తర్వాత 1912కు ఫోన్ చేసి "స్ట్రీట్ లైట్ ఫేజ్‌కు సప్లై వస్తోందో లేదో చూడండి" అనండి. ఉత్తగా "వీధిలైట్లు రావట్లేదు" అంటే మున్సిపాలిటీకి పొమ్మంటారు. ఫిర్యాదు నంబరు తీసుకోవడం మర్చిపోకండి.

ఇంకొకటి, ఇది అన్నిటికంటే ముఖ్యం. వానలో ఇనుప స్తంభాన్ని, స్తంభం ఒరగకుండా నేలకు కట్టే స్టే వైరును పిల్లలు పట్టుకోకుండా చూడండి. స్కూల్లో రోజూ చెప్పండి. తడి స్తంభం దగ్గర చెయ్యి జివ్వుమన్నదని ఎవరైనా అంటే ఆ నిమిషమే 1912కు చెప్పాలి, పొద్దున చూద్దాం అనుకోవద్దు.

పానగల్లు | జూలై 5, ఉదయం 9:03

నల్గొండ కోర్టులో వకీలుగా పనిచేస్తాను. "మాది కాదు" అనే జవాబుకు సమాచార హక్కు చట్టంలో (ఆర్టీఐ) మందు ఉంది. 6(3) సెక్షన్ చూడండి. మీరు దరఖాస్తు ఇచ్చిన ఆఫీసులో ఆ సమాచారం లేకపోతే మిమ్మల్ని తిప్పి పంపకూడదు. ఐదు రోజుల్లోపు వాళ్లే సంబంధిత ఆఫీసుకు పంపి, పంపామని మీకు రాయాలి. ఫీజు 10 రూపాయలు. జవాబుకు 30 రోజుల గడువు. రాకపోతే మొదటి అప్పీలు.

ప్రశ్నలు తక్కువ అడగండి. మీ ఫిర్యాదు నంబరు వేసి, దాన్ని ఎవరు, ఏ తేదీన తనిఖీ చేశారో ఆ రికార్డు కాపీ అడగండి. మూసేటప్పుడు పెట్టిన ఫోటో ఎక్కడ తీసిందో అడగండి. పైపు కోసం మోరీ బండలు తీయడానికి ఇచ్చిన అనుమతి కాపీ, అందులో మళ్లీ ముందులాగా చేయాలన్న షరతు ఉంటే ఆ పేజీ అడగండి. "ఎందుకు చేయలేదు" అని మాత్రం రాయకండి. అది సమాచారం కిందికి రాదని పక్కన పెడతారు. రికార్డులో ఉన్న కాగితాన్నే అడగాలి. 2(జె) కింద పనిని స్వయంగా తనిఖీ చేసే హక్కు కూడా మీకు ఉంది.

పాత కౌన్సిలర్ | జూలై 5, మధ్యాహ్నం 1:50

2020 జనవరి ఎన్నికల్లో గెలిచి ఐదేళ్లు కౌన్సిలర్‌గా చేశాను. 2025 జనవరి 26తో మా పాలకవర్గాల గడువు అయిపోయింది. అప్పటి నుంచి చాలా మున్సిపాలిటీల్లో స్పెషల్ ఆఫీసర్ల పాలనే. మేడం చెప్పింది నిజం, తలుపు కొట్టడానికి ఒక ఇల్లు లేకుండా పోయింది.

లోపల ఏం జరుగుతుందో చెబుతా. బండ ఖరీదు పెద్ద విషయం కాదు. ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజినీరు వచ్చి కొలవాలి, ఎస్టిమేట్ రాయాలి, ఆయన పై ఇంజినీరు డీఈ చూడాలి, కమిషనర్ సంతకం పెట్టాలి. మా రోజుల్లో కౌన్సిల్ తీర్మానం, ఇప్పుడు స్పెషల్ ఆఫీసర్ ఆమోదం. ఒక్క బండ కోసం ఇదంతా ఎవరూ మొదలుపెట్టరు. అందుకని "బండ విరిగింది" అని అడగకండి. గల్లీ మొత్తం ఒక పనిగా అడగండి. ఎన్ని చోట్ల లేవు, ఒక్కో చోట ఎంత పొడవు, మోరీ వెడల్పు ఎంత, లోతు ఎంత అని టేపు పెట్టి కొలిచి ఇవ్వండి. మీ కాగితం చూసి ఏఈ సగం ఎస్టిమేట్ అక్కడే రాయగలగాలి.

2019 మున్సిపాలిటీల చట్టంలో ప్రతి వార్డుకు నాలుగు కమిటీలు ఉన్నాయి. యువత, మహిళలు, సీనియర్ సిటిజన్లు, ప్రముఖులు, ఒక్కో దాంట్లో 15 మంది. 2020 ఫిబ్రవరి 24 నుంచి పది రోజుల పట్టణ ప్రగతి కార్యక్రమంలో వాళ్లతో కలిసే గల్లీ గల్లీ తిరిగాం. తుప్పు పట్టిన స్తంభాలు, చేతికందే తీగలు, మూత లేని బోరుబావులు అన్నీ రాసుకున్నాం, చాలావరకు సరిచేయించాం కూడా. తర్వాత ఆ కమిటీలను నేను మళ్లీ కూర్చోబెట్టలేదు. అది నా తప్పు. అట్లాంటి అరవై మంది ఇప్పుడు మీ గల్లీలో తిరుగుతుంటే కౌన్సిలర్ లేని లోటు ఇంతగా తెలిసేది కాదు.

వార్డు డ్యూటీ | జూలై 5, రాత్రి 9:30

నేను ఒక మున్సిపాలిటీలో వార్డు ఆఫీసర్‌ను. ఏ ఊరో చెప్పలేను. ఫిర్యాదు ఎట్లా మూతపడుతుందో చెబుతాను, వింటే మీకు కోపం రావచ్చు.

ప్రతి ఫిర్యాదుకు ఒక గడువు ఉంటుంది. దాటితే స్క్రీన్ మీద ఎర్రగా కనిపిస్తుంది. రివ్యూలో ఎర్రవి ఎన్ని ఉన్నాయనే అడుగుతారు. పని జరిగిన చోటికి పోయి చూసేవాళ్లు తక్కువ. మేడం ఒకే ఫిర్యాదులో మోరీ, లైట్లు రెండూ రాసి ఉంటారు. మోరీ అనే మాట చూసి అది శానిటేషన్ వాళ్లకు పోతుంది. వాళ్లు పూడిక తీస్తారు, ఫోటో పెడతారు, మూసేస్తారు. బండ ఇంజినీరింగ్ వాళ్ల పని, లైటు ఎలక్ట్రీషియన్ పని. వాళ్లిద్దరికీ ఆ ఫిర్యాదు కనపడనే కనపడదు.

కాబట్టి ఒక్కో సమస్యకు ఒక్కో ఫిర్యాదు పెట్టండి. "మోరీ" అని మొదలుపెట్టకుండా "మోరీ పైకప్పు బండలు లేవు – ఇంజినీరింగ్" అని రాయండి. ఫోటోలో మీ గల్లీని గుర్తుపట్టే ఇంటి గేటో, స్తంభమో, గుడో కనపడాలి. ముందు ఫోటో ఏ కోణంలో తీశారో, పని అయ్యాక అదే కోణంలో ఫోటో అడగండి. మూసినదాన్ని వెంటనే మళ్లీ తెరిపించండి. తెరిచిన ఫిర్యాదు పై అధికారికి కనపడుతుంది, మాకు తలనొప్పే, అయినా మీరు తెరిపించండి.

కుంటకాడి ఇల్లు | జూలై 5, రాత్రి 10:18

సార్, మీరు ముందుకొచ్చి చెప్పారు, అందుకు కృతజ్ఞతలు. కానీ ఒక మాట అనకుండా ఉండలేను. స్క్రీన్ మీద ఎర్రగా కనపడకూడదని మూసిన ఆ ఫిర్యాదు మా నాన్న చెయ్యి. ఆయన పది రోజులుగా ఎడమ చేత్తో అన్నం తింటున్నారు. చొక్కా గుండీలు మా అమ్మ పెడుతోంది.

వార్డు డ్యూటీ | జూలై 5, రాత్రి 10:41

నిజమే అమ్మా. దీనికి నా దగ్గర జవాబు లేదు. రేపు నా వార్డులో ఈ నెల మూసిన మోరీ ఫిర్యాదులు ఎన్ని ఉన్నాయో అన్నిటికీ తిరిగి వెళ్లి చూస్తాను.

కిరాణా కొట్టు | జూలై 6, ఉదయం 7:15

ఇంత దూరం ఎందుకండీ? గల్లీలో నలభై ఇళ్లు ఉంటాయి. ఇంటికి ఇంత అని వేసుకుంటే వారంలో బండలు పడతాయి. ఆఫీసుల చుట్టూ తిరిగే పెట్రోలు ఖర్చుతో పని అయిపోతుంది. మా గల్లీలో అట్లాగే చేసుకున్నాం, మోరీ మీద సిమెంటు పోసి ఒక్కటిగా మూసేశాం. ఇప్పుడు దాని మీదే బండ్లు పెట్టుకుంటున్నాం.

పాత కౌన్సిలర్ | జూలై 6, ఉదయం 8:02

అన్నా, ఆ సిమెంటు పని ప్రమాదం. మోరీ మొత్తం మూసేస్తే పూడిక తీసే దారి ఉండదు. రెండు వానాకాలాలు గడిస్తే లోపల మట్టి నిండి నీళ్లు ఎగదన్ని ఎగువ ఇళ్లలోకి వస్తాయి. అప్పుడు జేసీబీ తెచ్చి మీరు పోసిందంతా పగలగొట్టాల్సిందే. మోరీ మీద వేసేవి విడివిడి బండలు కావాలి, ఎత్తడానికి కొక్కెం ఉండాలి. ఇద్దరు మనుషులు ఎత్తి, పూడిక తీసి, మళ్లీ పెట్టగలగాలి. కుదిరితే మీరే కొన్ని చోట్ల తెరిపించుకోండి.

జడ్చర్ల దారి | జూలై 6, ఉదయం 11:20

డబ్బులు వేసుకుందామన్న అన్న బాధ నాకు అర్థమవుతుంది. ఇంటిపన్ను కట్టి మళ్లీ చందా వేసుకోవాలా అని అడిగేవాళ్ల బాధా అర్థమవుతుంది. కానీ నడిచేవాళ్లకు ఈ రోజు సాయంత్రం ప్రమాదం ఉంది. తాత్కాలికంగా చేయగలిగింది ఈ రోజే చేయండి. బండ లేని ప్రతి చోటా రెండు వెదురు కర్రలు పాతి, నడుం ఎత్తున ఎర్ర గుడ్డ కట్టండి. నీళ్లు నిండినా మోరీ అంచు ఎక్కడుందో తెలుస్తుంది.

ఇట్లా ఎందుకు అంటున్నానంటే 2022 జూలై 8 నాకు బాగా గుర్తు. మాచన్‌పల్లి–కోడూరు మధ్య రైల్వే అండర్ బ్రిడ్జిలో వాన నీళ్లు నిలిచి ఉంటే స్కూలు బస్సు అందులోకి వెళ్లి ఇరుక్కుంది. దాదాపు 30 మంది పిల్లలు. ఊరివాళ్లు దిగి ఒక్కొక్కరినీ బయటికి తెచ్చారు, అందరూ క్షేమం. అక్కడ నీళ్ల లోతు తెలిపే గుర్తు డ్రైవర్ కళ్ల ముందు ఉండి ఉంటే బస్సు ముందుకు పోయేదే కాదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. మహబూబ్‌నగర్‌లో పెద్ద చెరువు నిండి రామయ్యబౌలి వైపు ఇళ్లలోకి నీళ్లు వచ్చినప్పుడు కూడా చూశాను. మోకాలి లోతు నీళ్లలో నడిచేవాళ్లకు కాలి కింద మోరీ ఉందో రోడ్డు ఉందో తెలియదు. కర్ర ముందు పెట్టి తడుముకుంటూ నడిచారు జనం.

మీది కుంటకు పోయే గల్లీ. నీళ్లు అటే పారతాయి. కర్రలు ఆలస్యం చేయకండి.

కుంటకాడి ఇల్లు | జూలై 9, రాత్రి 9:47

కర్రలు పాతాం. ఆరు చోట్ల. స్కూలు ఆయా, మా పక్కింటి అన్న, నేను, పదో తరగతి పిల్లలు నలుగురు. కిరాణా కొట్టు అన్నా, మీ మాటతోనే ధైర్యం వచ్చి గల్లీలో చందా అడిగాను. బండలకు కాదు, కర్రలకు, గుడ్డకు. ఎవరూ కాదనలేదు.

రాత్రి స్తంభాలు చూశాం. లైన్‌మన్ బాబాయి చెప్పినట్టే ఒక స్తంభం దాకా వెలుగుతున్నాయి, అక్కడి నుంచి ఐదు లేవు. ఆ రెండు స్తంభాల మధ్య వేపచెట్టు కొమ్మ తీగల మీదికి వాలి ఉంది. ఇన్నాళ్లూ ఆ చెట్టు కిందే నడిచాను, తల ఎత్తి చూడలేదు. 1912కు బాబాయి చెప్పిన మాటే చెప్పాను. నంబరు ఇచ్చారు.

మోరీ కొలిచాం. ఆరు చోట్ల కలిపి 31 మీటర్లు. వెడల్పు రెండడుగులు.

రిటైర్డ్ లైన్‌మన్ | జూలై 10, ఉదయం 5:58

వేపకొమ్మ. అదే అయ్యుంటుంది. గాలికి కొమ్మ ఊగి తీగ తెగుతుంది. కొమ్మ మీరు కొట్టకండి, ఎవరినీ ఎక్కనివ్వకండి. లైన్ ఆపి మావాళ్లే కొడతారు.

కుంటకాడి ఇల్లు | జూలై 12, రాత్రి 8:05

లైట్లు వచ్చాయి! ఇద్దరు వచ్చి కొమ్మ కొట్టి, తెగిన తీగ కలిపారు. అరగంట పని. మొదటి నాలుగు వెలిగాయి, ఐదోది మాత్రం నిజంగానే పాడైంది. దానికి మున్సిపాలిటీలో విడిగా ఫిర్యాదు పెట్టాను. నాన్న బయటికి వచ్చి గేటు దగ్గర కుర్చీ వేసుకుని చాలాసేపు కూర్చున్నారు.

తంగేడు | జూలై 13, రాత్రి 12:20

అక్కా, ఇది చదివి నేనూ షిఫ్టు నుంచి వస్తూ స్తంభాలు లెక్కపెట్టాను. మా దగ్గర వరుసగా కాదు, ఒకటి విడిచి ఒకటి లేవు. అంటే మాది మున్సిపాలిటీ పనే అనుకుంటా. నాలుగు స్తంభాల నంబర్లు రాసి పెట్టాను. ఈసారి ఆ మనిషి ఏమైనా అంటే కాగితం చేతికిచ్చి రసీదు అడుగుతాను.

మూగజీవి | జూలై 20, సాయంత్రం 5:30

చీకటి గల్లీల్లో కుక్కల సంగతి కూడా ఇక్కడే అడగవచ్చా? మా వార్డులో రాత్రి బండి మీద వచ్చేవాళ్లను తరుముతున్నాయని గొడవ. కొందరు విషం పెడదామని మాట్లాడుకుంటున్నారు. నేను రోజూ అన్నం పెడతాను, నన్నూ తిడుతున్నారు.

పానగల్లు | జూలై 20, రాత్రి 8:12

విషం పెట్టడం నేరం, ఆ మాట వాళ్లకు చెప్పండి. 2024 ఫిబ్రవరిలో మహబూబ్‌నగర్ జిల్లా పొన్నకల్‌లో రాత్రిపూట సుమారు 20 కుక్కలను కాల్చి చంపారు, పోలీసు కేసు అయింది. 2023 జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం కుక్కలను పట్టుకుని, ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టిన చోటే వదలాలి. ఆ బాధ్యత మున్సిపాలిటీదే. ఆపరేషన్ అయిన కుక్కకు చెవి అంచు కొంచెం కత్తిరించి ఉంటుంది. మీ వార్డులో అట్లాంటివి ఎన్ని, కానివి ఎన్ని అని లెక్క రాసి ఇవ్వండి. రోజూ అన్నం పెట్టే మీకంటే ఆ లెక్క ఎవరికి బాగా తెలుసు?

కందనూలు నర్సు | జూలై 20, రాత్రి 10:55

కుక్క కరిస్తే ముందు సబ్బుతో పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, సున్నం, కారం ఏదీ పెట్టొద్దు. అదే రోజు సర్కారు దవాఖానకు రండి, టీకా ఉచితం. చర్మానికి వేసే పద్ధతిలో అయితే మొదటి రోజు, తర్వాత 3, 7, 28వ రోజుల్లో వేస్తాం. రక్తం వచ్చేలా గాయమైతే టీకాతో పాటు ఇమ్యునోగ్లోబులిన్ అనే మందు కూడా కావాలి, అడగండి. రెండు సూదులు వేసుకుని బాగానే ఉందని మానేసేవాళ్లను చూస్తుంటే గుండె దడగా ఉంటుంది. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మేం చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు. దయచేసి అన్ని సూదులూ వేయించుకోండి.

కుంటకాడి ఇల్లు | ఆగస్టు 12, రాత్రి 9:20

జూలై 14 సోమవారం కలెక్టరేట్‌లో జనం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణికి వెళ్లాను. కొలతలు, ఫోటోలు, డాక్టరు చీటీ కాపీ ఇచ్చాను. రసీదు ఇచ్చారు, మున్సిపాలిటీకి పంపారు. ఏఈ వచ్చి చూసి వెళ్లారు. నిధులు లేవు, వచ్చాక చేస్తామని జవాబు వచ్చింది. ఆర్టీఐ జవాబు కూడా వచ్చింది. పైపు పనికి ఇచ్చిన అనుమతిలో తీసిన చోట ముందులాగా చేయాలనే ఉంది. ఫోటో ఎక్కడ తీసిందన్న దానికి "వివరాలు లభ్యం కాలేదు" అని రాశారు.

మొన్న రాత్రి వానకు రెండు కర్రలు కొట్టుకుపోయాయి. మళ్లీ పాతాం. ఇప్పుడేం చేయాలి?

పానగల్లు | ఆగస్టు 12, రాత్రి 10:30

మేడం, మీ చేతిలో ఇప్పుడు గట్టి కాగితాలు ఉన్నాయి.

1980లో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. మధ్యప్రదేశ్‌లోని రత్లాం మున్సిపాలిటీ, వర్ధీచంద్ కేసు. జస్టిస్ కృష్ణయ్యర్ రాశారు. అక్కడా గొడవ మోరీల గురించే, ఒక వార్డు జనం మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లారు. మా దగ్గర డబ్బు లేదని మున్సిపాలిటీ వాదిస్తే, ప్రజల ఆరోగ్యానికి సంబంధించిన తప్పనిసరి బాధ్యతను డబ్బు లేదన్న కారణంతో తప్పించుకోలేరని కోర్టు తేల్చింది. నలభై ఐదేళ్లు అయింది, మనకు ఇప్పటికీ అదే జవాబు వస్తోంది.

అప్పుడు వాడిన సెక్షన్ పాత నేర విచారణ చట్టం సీఆర్‌పీసీలో 133. దాని స్థానంలో వచ్చిన కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్‌లో అది 152. దారి పక్కన ఉన్న బావికో గోతికో జనానికి ప్రమాదం లేకుండా కంచె వేయమని ఆదేశించే అధికారం కూడా అందులోనే ఉంది. ఆర్డీవో దగ్గర పిటిషన్ వేయవచ్చు. వకీలు లేకుండా మీరే ఇవ్వవచ్చు. గల్లీలో కనీసం పదిమంది సంతకాలు పెట్టించండి, స్కూలు తరఫున ఒకటి పెట్టించండి. నేను ముసాయిదా రాసి ఇస్తాను, ఫీజు మాట ఎత్తకండి.

పాత కౌన్సిలర్ | ఆగస్టు 13, ఉదయం 7:40

అనుమతి కాగితం కాపీ పెట్టడం మర్చిపోవద్దు. తీసిన చోట ముందులాగా చేయించడానికి మున్సిపాలిటీ తన నిధులు పెట్టాల్సిన పని లేకపోవచ్చు. ఆ షరతు చూపించి పైపు వేసినవాళ్లతో చేయించవచ్చు. కమిషనర్‌కు కూడా అది సులువైన దారి.

మూగజీవి | ఆగస్టు 23, ఉదయం 10:05

నిన్నటి సుప్రీంకోర్టు ఉత్తర్వు చూశారా? ఆపరేషన్, టీకా అయ్యాక కుక్కలను పట్టిన చోటే వదలాలి, రేబిస్ ఉన్నవి, మీద పడి కరిచేవి మాత్రం వదలకూడదు అన్నారు. అన్నం పెట్టడానికి వార్డుల్లో విడిగా స్థలాలు చూపాలట. నేను వార్డు ఆఫీసుకు వెళ్లి పాత సంత దగ్గరి ఖాళీ స్థలం అడిగాను. మొదటిసారి నన్ను కూర్చోమని మాట్లాడారు. లెక్క కూడా ఇచ్చాను: 23 కుక్కలు, చెవి కత్తిరించినవి ఐదే.

కుంటకాడి ఇల్లు | సెప్టెంబరు 19, రాత్రి 9:15

ఆర్డీవో ఆఫీసు నుంచి మున్సిపాలిటీకి నోటీసు వెళ్లింది. ఈ రోజు ఏఈ, పైపు వేసిన కాంట్రాక్టరు మనిషి కలిసి వచ్చారు. మా కొలతలు వాళ్ల టేపుతో సరిచూశారు. మూడు అంగుళాల తేడా. ఏఈ మంచిగానే మాట్లాడారు. "మీరు ముందే ఇట్లా కొలిచి ఇస్తే నాకూ పని సులువు అమ్మా" అన్నారు. జూలైలో ఇదే కాగితం ఇచ్చానని చెప్పాను. ఆయనకు అది చేరలేదట.

వార్డు డ్యూటీ | సెప్టెంబరు 20, ఉదయం 6:50

చేరి ఉండదు మేడం, నమ్మండి. ప్రజావాణి కాగితం ఇన్‌వార్డులో, అంటే వచ్చిన కాగితాలు తీసుకునే చోట పడి వేరే సెక్షన్‌కు పోతుంది. అక్కడ ఇచ్చిన రోజే ఏఈ చేతికి కూడా ఒక కాపీ ఇచ్చి సంతకం తీసుకోవాలి.

మాటిచ్చాను కాబట్టి చెబుతున్నా. జూలైలో నా వార్డులో మూసిన మోరీ ఫిర్యాదులు తొమ్మిది. తిరిగి చూస్తే నాలుగు నిజంగా అయ్యాయి. మిగతా ఐదు తెరిపించాను. రివ్యూలో నన్ను నిలబెట్టి అడిగారు, ఉన్న సంగతి చెప్పాను. వాటిలో మూడు ఇప్పుడు పూర్తయ్యాయి. ఇప్పుడు ఏది మూసినా ముందు ఫిర్యాదు చేసినవాళ్లకు ఫోన్ చేస్తున్నాను. వాళ్లు సరే అంటేనే మూస్తున్నాను.

తంగేడు | అక్టోబరు 8, రాత్రి 11:50

మా నాలుగు లైట్లలో మూడు వచ్చాయి. రసీదు అడిగితే ఇచ్చారు. నాలుగోది మలుపులో ఉంది, నాకు అన్నిటికంటే అవసరమైనది అదే. మళ్లీ వెళ్తాను.

కుంటకాడి ఇల్లు | అక్టోబరు 27, రాత్రి 8:30

బండలు పడ్డాయి. ఆరు చోట్లలో నాలుగు చోట్ల. కొత్త సిమెంటు బండలు, ఎత్తడానికి ఇనుప కొక్కేలు ఉన్నాయి. మిగతా రెండు చోట్ల మోరీ గోడే కుంగింది, అది కట్టాక వేస్తామన్నారు. అక్కడ కర్రలు, ఎర్ర గుడ్డ ఇంకా ఉన్నాయి. ఈసారి ఫోటో నేనే తీసి పంపాను, పాత కోణంలోనే. మూయమని ఫోన్ వస్తే నాలుగింటికి సరే అన్నాను, రెండింటికి ఒప్పుకోలేదు.

నాన్న కట్టు విప్పారు. వేళ్లు పూర్తిగా మడవడం రావట్లేదు, డాక్టరు బంతి ఇచ్చి పిండమన్నారు.

కందనూలు నర్సు | అక్టోబరు 27, రాత్రి 9:10

గోరువెచ్చని నీళ్లలో చెయ్యి పెట్టి పిండమనండి, నొప్పి తక్కువగా ఉంటుంది. రోజూ మానకుండా.

మూగజీవి | నవంబరు 8, ఉదయం 9:25

నిన్న మళ్లీ ఉత్తర్వు వచ్చింది. స్కూళ్లు, దవాఖానలు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లలోని కుక్కలను తీసుకెళ్లాలి, వాటిని మళ్లీ అక్కడ వదలకూడదు, ఆవరణకు కంచె ఉండాలి అంటున్నారు. మేడం, మీ స్కూలుకు ప్రహరీ ఉందా? లేకపోతే ఇప్పుడే అడగండి. కుక్కలను ఎక్కడ ఉంచుతారో నాకు దిగులుగానే ఉంది. మా మున్సిపాలిటీలో షెడ్డు లేదు.

కుంటకాడి ఇల్లు | నవంబరు 8, రాత్రి 9:02

మూడు వైపులా ఉంది. కుంట వైపు లేదు. ఆ రెండు బండల గురించి ఎట్లాగూ సోమవారం వెళ్తున్నాను, దీన్ని విడి కాగితంగా రాసి తీసుకెళ్తా. తంగేడు చెల్లీ, నీ మలుపు లైటు కాగితం కూడా రాసుకుని రా. కలెక్టరేట్ గేటు దగ్గర పదింటికల్లా ఉంటాను. నాన్న కూడా వస్తానంటున్నారు, ఈసారి సంతకం కుడి చేత్తో పెడతారట.